విప్పిన కుట్టు

బొచ్చు గుడ్డను కత్తెరతో కోస్తే పైన బొచ్చు కూడా తెగి అంచు బోడిగా కనబడుతుంది. గుడ్డను బోర్లించి, బ్లేడు మొనతో అడుగు నేతను మాత్రం గీయాలి. షావలి అట్లాగే గీస్తున్నాడు. అయినా నూగు ఆగడం లేదు. సోమవారం పొద్దుటి నుంచి ఫర్వానియాలోని ఆ చిన్న టైలరు షాపు నిండా తెల్లటి నూగు తేలుతోంది. కనురెప్పల మీద అదే, టీ గ్లాసులో అదే, మధ్యాహ్నం తిన్న అన్నంలో అదే. నాలుక మీది నుంచి వెంట్రుకలు తీసి తీసి షావలి వేళ్లకు కూడా ఆ ప్లాస్టిక్ వాసన పట్టింది.

పన్నెండు బొచ్చు కోట్లు బుధవారం సాయంత్రానికి కుట్టి ఇవ్వాలి. అక్టోబరు వచ్చినా బయట ఎండ తగ్గలేదు. ఆ ఎండలో ఎవరు తొడుక్కుంటారో అనుకున్నాడు గానీ అడగలేదు. షాపు లైసెన్సు కఫీలు పేరు మీద, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని పేరు మీద ఉంది. పెత్తనమంతా కడప నుంచి వచ్చిన అబ్దుల్ హమీద్‌ది. ఆర్డరు ఒప్పుకున్నది అతడే.

ఆర్డరు తెచ్చిన తౌఫిక్ మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు. ఈవెంట్ కంపెనీలో పనిచేసే హైదరాబాదు మనిషి. చంకలో పెద్ద ప్లాస్టిక్ కవరు.

"ఫోటో చూసి కుడితే సర్కస్ వేషం లెక్కుంటది షావలి భాయ్. అసలు ముక్క తెచ్చిన చూడు."

కవరులోంచి తీసి బల్ల మీద పడేశాడు. తోలు కోటు. బరువుగా ఉంటుందనుకుని రెండు చేతులా ఎత్తిన షావలికి తేలికగా లేచి వచ్చింది. ముందు భాగం పొట్టిగా, వెనక తోకలా పొడుగ్గా ఉంది. తల మీదికి పెద్ద టోపీ. రొమ్ము మీద ఎర్రపూసలు, నీలిపూసలు వరసలు వరసలుగా కుట్టి ఉన్నాయి. వీపు దగ్గర మాత్రం లోపలికి సంచీలా వదులు వదిలారు.

షావలి ముందు కుట్టు చూశాడు. ముప్పై ఏళ్లుగా ఏ గుడ్డ చేతికొచ్చినా ముందు తిప్పి కుట్టే చూస్తాడు. ఇది మిషను కుట్టు కాదు. అంగుళానికి ఎన్ని పడ్డాయో లెక్కపెట్టబోతే కళ్లు చెదిరాయి. అతుకును రెండు వేళ్లతో సాగదీసి ట్యూబులైటుకు అడ్డం పెట్టాడు. ఒక్క రంధ్రంలోంచి కూడా వెలుతురు రాలేదు. దారాన్ని గోటితో గీకాడు. నూలు కాదు, నైలాను కాదు.

"నరం ఇది," అన్నాడు. "ఏదో జంతువు నరాన్ని చీల్చి దారం తీసినారు."

"మంచు దేశంల దుప్పి తోలంట. గురువారం పెద్ద హోటల్ల గనుల ఎగ్జిబిషన్ ఉంది. మంచు దేశం స్టాలు మాదే. పన్నెండు మంది అమ్మాయిలు ఎస్కిమో వేషంల గహ్వా కాఫీ, ఖర్జూరాలు ఇస్తరు. దీన్ని విప్పేసి, ముక్కలు పరిచి గీస్కో. జల్దీ అయితది."

"విప్పకుండా కాగితం పెట్టి కొలత ఎత్తుకుంటా. ఒక్క పూట ఎక్కువ పడతాది, అంతే."

"పూట యాడుంది భాయ్?"

"ఎవురిది ఈ కోటు?"

"మాదే. తెప్పించినం," అన్నాడు తౌఫిక్, ఫోను చూసుకుంటూ.

అబ్దుల్ హమీద్ తన కుర్చీలోంచి కదలకుండానే అన్నాడు: "విప్పమన్న్యాడు గదా, విప్పు. మళ్లా కుట్టిస్తే సరిపాయె."

తౌఫిక్ వెళ్లాక షావలి కోటును బోర్లించాడు. వీపు సంచీ లోపల ఒక చోట బొచ్చు పూర్తిగా అరిగిపోయి నున్నగా ఉంది. చెయ్యి పెట్టి చూశాడు. పసిబిడ్డ మడమ అంత మేర. పొగవాసనా, దాని అడుగున ఎప్పటిదో పాలవాసనా వచ్చాయి. ఎవరో బిడ్డను మోసిన కోటు ఇది. కంపెనీ తెప్పించింది కాదు.

ఆ సంగతి తెలిసే బ్లేడు తీశాడు. టోపీ మెడకు కలిసేచోట మొదటి కుట్టు కింద మొన పెట్టి లేపాడు. నూలు దారమైతే టపటపా తెగిపోతుంది. ఇది తెగలేదు. ఒక్కొక్క కుట్టునూ లేపి, కోసి, వేళ్లతో పీకాల్సి వచ్చింది. సాయంత్రానికి టోపీ ఊడింది, ఒక భుజం విడిపోయింది. తెగిన నరం ముక్కలు బల్ల మీద గోళ్ల ముక్కల్లా పడ్డాయి. వాటిని చేత్తో ఊడ్చి చెత్తబుట్టలో వేశాడు. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు. బొచ్చు వాసన పోయింది గానీ ఆ రాత్రి గదిలో అన్నం కలుపుతుంటే వేళ్ల నుంచి ఆ పొగవాసనే వచ్చింది.

మంగళవారం పొద్దున కొలత చూసుకోవడానికి తౌఫిక్ ఒక మనిషిని పంపాడు. పేరు రెడ్డెమ్మ, ఊరు రాయచోటి పక్కనే. అదే హోటల్లో గదులు ఊడ్చే పని. ఎత్తు సరిపోయిందని వేషానికి లాగారు. మొదటి కోటు తొడిగి, గుండుసూదులు పెట్టి, భుజం సర్దుతుంటే ఆమె మెడ మీద చెమట కారి బొచ్చుకు అంటుకుంది.

"ఈపున ఈ సంచేందన్నా?"

"బిడ్డను పెట్టుకునేది."

"మాకు ఆ సార్ ఏరే చెప్పినాడే. ఇందులో కంపెనీ కాగితాలు కుక్కుతారంట. గహ్వా తాగేవాళ్లు మా ఈపు మీంచి ఒకోటి తీసుకుంటారంట."

షావలి నోట్లోని గుండుసూది తీసి సంచీ అంచుకు గుచ్చాడు. రెడ్డెమ్మ కోటు విప్పి, మెడ రుద్దుకుంటూ వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మూడు గంటలప్పుడు షాపు ముందు హోటల్ కారు ఆగింది. దాన్ని నడిపే మునీంద్ర షావలికి తెలిసినవాడే, వాళ్లది సంబేపల్లె. వెనక సీటులోంచి ఒక పెద్దావిడ దిగింది. అరవై ఏళ్లుంటాయి. పొట్టి మనిషి. నెరిసిన జడ, పూల చొక్కా, నల్ల ప్యాంటు. కళ్ల పక్కన లోతైన ముడతలు. ఎండకు బుగ్గలు కందిపోయాయి.

"షావలన్నా," అన్నాడు మునీంద్ర లోపలికి వస్తూనే, "ఈయమ్మ కోటు ఈడేమన్నా ఉండాదా? ఇస్త్రీకని తౌఫిక్ ఈయమ్మ రూములోంచి ఎత్తకపోయినాడంట నిన్న. లాండ్రీలో అడిగితే మాకు రాలేదన్న్యారు. తౌఫిక్ నీ షాపుకు తిరగతాండాడు గదా అని నేనే తోలకొచ్చినా."

షావలి జవాబు చెప్పాల్సిన పని లేకపోయింది. ఆవిడ అప్పటికే బల్ల చూసింది.

అరవలేదు. దగ్గరికి వచ్చి ముందు టోపీ మీద చెయ్యి పెట్టింది. తర్వాత విడిపోయిన భుజం మీద. తర్వాత పూసల వరస మొదటి నుంచి చివరిదాకా వేలితో తడుముకుంటూ పోయింది, ఏదైనా రాలిందేమోనని. అప్పుడు తలెత్తి ఇంగ్లీషులో ఒకే మాట అడిగింది. ఎవరు అని. ఆ మాత్రం ఇంగ్లీషు షావలికి తెలుసు. చెయ్యెత్తాడు.

అబ్దుల్ హమీద్ గబగబా లేచాడు. "మేడమ్, సారీ సారీ. న్యూ మేక్. సేమ్ సేమ్. టూ అవర్, ఖలాస్."

ఆవిడ అతడి వైపు తిరగను కూడా తిరగలేదు. మిషను ముందు స్టూలు లాక్కుని కూర్చుని, చేతిసంచీలోంచి చిన్న డబ్బా తీసింది. అందులో సూది, వేలికి తొడిగే తోలు ముక్క, మెలితిప్పిన నరం. నరాన్ని పెదాల మధ్య తడి చేసి సూదికెక్కించింది. భుజం దగ్గర మొదలుపెట్టింది. సూది తోలు మందంలో సగానికే దిగుతోంది, అవతలికి పొడుచుకు రావడం లేదు. ఒకసారి లోపలి నుంచి, మళ్లీ బయటి నుంచి. షావలి లైటు లాగి ఆమె చేతుల మీదికి దించాడు. ఆమె వద్దనలేదు.

"పేరు లీటియా," అన్నాడు మునీంద్ర తెలుగులో, గొంతు తగ్గించి. "కెనడాలో పైన, మంచు ఊర్లు. ఇనూయిట్లంటారు వాళ్లను. ఎస్కిమో అంటే ఈయమ్మకు కోపం, నేనంటే కార్లోనే తిట్టింది. వాళ్ల జనం ఇరవై ముప్పై ఏండ్లు గవర్నమెంటుతో కొట్లాడి నేల మాదని కాగితం రాయించుకున్నారంట. వాళ్ల ప్రాంతం పేరు నూనావుట్. మా నేల అని అర్థమంట."

"మరి ఇంకేం?"

"కాగితంలో మడత ఉండాది. శానా చోట్ల పైన నేల వీళ్లది, అడుగున ఇనుము సర్కారుది. ఈయమ్మ ఊరికాడ గని తవ్వుతాండారు. గని వద్దనలేదంట వీళ్లు. ఇప్పుడు ఓడలు రెండింతలు తిప్పుతామంటాంది కంపెనీ. ఓడలు తిరిగితే సముద్రంలో జంతువులు పారిపోతాయి, వేట పోతాది. దానికి వాళ్లలోనే పైన పెద్ద సంఘమోళ్లు సంతకం పెట్టినారు. ఊర్లో వేటగాళ్ల సంఘం పెట్టలేదు. ఈడ డబ్బులు పెట్టేవాళ్ల ముందర ఆ మాట చదువుతానని ఈయమ్మ ఉత్తరం తెచ్చింది. ఐదు నిమిషాలు ఇస్తామని పిలుచుకొచ్చి, దిగినాక లేదన్న్యారు. కోటు తొడుక్కుని ఫోటోకు నిలబడితే చాలన్న్యారు. చదవనీకపోతే తొడుక్కోనన్న్యది. తెల్లారినాకనే ఇస్త్రీ సాకుతో కోటు ఎత్తకపోయినారు."

లీటియా కుడుతూనే ఉంది. భుజం అతుకు కాస్త కాస్తగా మూసుకుంటోంది. పక్కన కుప్పగా పడి ఉన్న నకిలీ కోటును ఎడమ చేత్తో ఎత్తి, వీపు సంచీ తిప్పి చూసి, ఏదో అడిగింది.

"అందులో ఏం పెడతారంటాంది," అన్నాడు మునీంద్ర.

షావలికి అబద్ధమాడాలనిపించింది. "కంపెనీ కాగితాలు," అన్నాడు.

మునీంద్ర చెప్పాడు. ఆమె అర్థం కానట్టు మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాడు. తౌఫిక్ బల్ల మీద వదిలిపోయిన రంగుల కరపత్రం ఒకటి అక్కడే ఉంది. లీటియా దాన్ని తీసుకుని, అట్ట మీద హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న కుర్రవాడి మీద వేలు పెట్టింది. తర్వాత అదే వేలు తన కోటు సంచీ మీద, బొచ్చు అరిగిన చోట పెట్టింది.

ఆమె చెప్పింది విని మునీంద్ర తెలుగులోకి మార్చాడు. "ఆయమ్మ మూడో కొడుకంట. ఇందులోనే మోసిందంట. వాళ్లమ్మ కుట్టిన కోటు. వాడు ఇప్పుడు ఆ గనిలోనే లారీ తోలతాండాడు. కొడుకు జీతం ఆ గనిదే, ఎందుకు ఎదురు మాట్లాడతావని ఊర్లో సగం మంది ఈయమ్మతో మాట్లాడరంట."

షావలి లేచి నిలబడి చెయ్యి చాపాడు, టోపీ నేను కుడతానన్నట్టు. లీటియా అతడి చేతిని చూసింది. వేళ్ల కొసలు కాయలు కాచి, సూది గుచ్చుకున్న నల్ల మచ్చలతో ఉన్న చెయ్యి. అదీ కుట్టే చెయ్యేనని ఆమెకు తెలిసే ఉంటుంది.

"నో," అంది.

సాయంత్రం మగ్రిబ్ అజాన్ వినిపించింది. అబ్దుల్ హమీద్ నమాజుకు వెళ్లి వచ్చేసరికి లీటియా టోపీ సగం కుట్టింది. మొత్తం అయ్యాక పళ్లతో నరం కొరికి, కోటు భుజాన వేసుకుని, షావలికి ఒక్క మాట చెప్పకుండా కారెక్కింది. షావలి ఇంకా ఏడు కోట్లు కుట్టాలి. మిషను తొక్కాడు. ఆ చేతులు చూశాక తన మిషను చప్పుడే తనకు రోతగా వినిపించింది.

బుధవారం సాయంత్రం కోట్లు పట్టుకెళ్లడానికి వచ్చిన తౌఫిక్ ముఖంలో నవ్వు లేదు. అబ్దుల్ హమీద్ పక్కన కూర్చుని టీ తెప్పించుకున్నాడు.

"ముసలామె కంపెనీ మీద కంప్లైంట్ పెట్టింది. నా కోటు దొంగతనం చేసి కోసిండ్రని. పేపరోళ్లకు తెలిస్తే బేకార్ అయితది. కంపెనీ పెద్దాయనకు మంచి ఐడియా వచ్చింది. రేపు స్టేజీ మీదికి షావలి భాయ్ వస్తడు. నా తప్పే, ఇస్త్రీకి ఇస్తే నేనే పొరపాటున విప్పిన, మాఫ్ చెయ్యమంటడు. ఆమె కోటు తొడుక్కుని వచ్చి మాఫ్ అంటది. చేతులు కలుపుతరు. ఫోటో. ఖలాస్."

"ఇస్త్రీకి ఇయ్యలేదు గదా నాకు," అన్నాడు షావలి. "విప్పమని నువ్వే గదా చెప్పినావు."

"చెప్పిన. ఎవరన్నరు చెప్పలేదని? నువ్వు ఉర్దూల చెప్పు, నేను ఇంగ్లీషుల చెప్త. రెండు నిమిషాల పని."

అబ్దుల్ హమీద్ టీలో బిస్కెట్టు ముంచుకుంటూ అన్నాడు: "వచ్చే నెల నీ ఇఖామా రెన్యువల్ ఉండాది షావలీ. కఫీలు కాడికి కాగితాలు తీసుకపోయేది నేనే." ఇఖామా లేకపోతే ఈ దేశంలో ఉండటానికి లేదు. బిస్కెట్టు మెత్తబడి గ్లాసులో పడింది. వేళ్లు పెట్టి తీసి నోట్లో వేసుకున్నాడు.

వాళ్లు పోయాక షావలి భార్యకు ఫోను చేశాడు. బుడేన్‌బీ ఫింటాస్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. ఇంటి యజమానురాలు మామా బయటికి వెళ్లిందని, మాట్లాడొచ్చని చెప్పింది. అటువైపు కుక్కరు కూస్తోంది. షావలి మొదటి నుంచి చెప్పాడు. బిడ్డ మడమ అంత అరిగిన చోటు గురించి కూడా చెప్పాడు.

"తెలిసే విప్పినావా?" అంది బుడేన్‌బీ.

"తెలిసే."

కుక్కరు మళ్లీ కూసింది. "అయితే నువ్వు మాఫీ అడగాల్సిందే. నీ తప్పుకు నువ్వు అడుగు. వాళ్ల తప్పుకు నువ్వెందుకు అడిగేది?"

"ఇఖామా..."

"ఇఖామా సంగతి నాకు తెల్దా? ఇద్దరం కలిసి ఉన్నదే శుక్రవారం ఒక పూట. అది గూడా లేకపోతే ఎట్లని నాకూ భయమే." స్టవ్వు ఆర్పిన చప్పుడు వచ్చింది. "నువ్వు మనసులో ఏమనుకుంటే అది చెయ్యి. చేసినాక మాత్రం రోజూ నాకు చెప్పి ఏడవాకు." ఎవరో వచ్చినట్టున్నారు. ఫోను పెట్టేసింది.

గురువారం పదకొండింటికి హోటల్ హాల్లో ఏసీకి ఒళ్లు వణుకుతోంది. ఒక మూల థర్మోకోలు మంచు పోసి, ప్లాస్టిక్ ఇటుకలతో గుండ్రటి ఇల్లు కట్టారు. గోడ నిండా మ్యాపు. గని దగ్గర ఎర్ర చుక్క, అక్కడి నుంచి సముద్రంలోకి ఓడలు పోయే దారి మందపాటి నల్ల గీత. లీటియా వాళ్ల ఊరు ఎక్కడుందా అని షావలి వెతికాడు. మ్యాపులో ఏ ఊరూ లేదు.

పన్నెండు మంది అమ్మాయిలు కోట్లతో తిరుగుతున్నారు. ఫిలిప్పీన్ వాళ్లు, నేపాలీలు, రెడ్డెమ్మ. ఏసీ ఎంత ఉన్నా ఆ ప్లాస్టిక్ బొచ్చులో ఉడికిపోతున్నారు. రెడ్డెమ్మ మెడ చుట్టూ ఎర్రగా దద్దుర్లు లేచాయి. ఒక చేత గహ్వా పళ్లెం, రెండో చేత్తో గోక్కుంటోంది. సూటు వేసుకున్న ఒకాయన ఆమె వీపు సంచీలో చెయ్యి పెట్టి, కరపత్రం తీసుకుని, మొదటి పేజీ చూసి, ఖర్జూరం గింజ అందులోకి ఉమ్మి, మడిచి, మళ్లీ ఆ సంచీలోనే కుక్కాడు. షావలి బాత్‌రూముకు వెళ్లి ఉమ్మి వచ్చాడు. ఆ సంచీ కుట్టింది తనే. లోపలి అంచు మడిచి, దృఢంగా ఉండాలని రెండు వరసలు వేసింది కూడా తనే.

కంపెనీ పెద్దమనిషి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. చివర్లో తౌఫిక్ షావలిని చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కించాడు. అవతలి పక్క నుంచి లీటియా వచ్చింది. కోటు తొడుక్కుంది, చదవడానికి స్టేజీ దొరికితే చాలనుకుందేమో. చేతిలో మడిచిన కాగితాలున్నాయి. ఆ కాగితాల వైపు చూసి తౌఫిక్ కంపెనీ మనిషితో ఏదో గుసగుసలాడాడు. ఫోటోగ్రాఫర్లు ముందుకు జరిగారు. తౌఫిక్ మైకు షావలి చేతిలో పెట్టాడు.

షావలి ఆమె వైపు తిరిగి ఉర్దూలో చెప్పాడు. "అమ్మా, మీ కోటు విప్పింది నేను. బ్లేడు పట్టింది నా చెయ్యి. బిడ్డను మోసిన కోటని తెలిసి కూడా విప్పాను. దానికి నన్ను క్షమించండి. ఇస్త్రీకని నాకెవరూ ఇవ్వలేదు. దీన్ని తెచ్చి విప్పమన్నది ఈ తౌఫిక్."

మైకు లాక్కోకుండా, దాని దగ్గరికి నోరు మాత్రం వంచి, తౌఫిక్ నవ్వుతూ ఇంగ్లీషులోకి మార్చాడు. పూర్ మ్యాన్, మిస్టేక్, వెరీ సారీ, ఆ మూడు మాటలూ షావలికి అర్థమయ్యాయి. క్షమాపణ తప్ప తను చెప్పింది ఒక్కటీ అందులో లేదు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు వింటుంటే ఒళ్లంతా ఏదో జిడ్డు పూసినట్టయింది. ఇన్నాళ్లూ ఈ మనుషుల కొలతలు తీసి, వాళ్ల వీపులు సర్దాడు. తన మాట తన నోటి ముందే కోసి ఇంకోలా కుట్టేస్తుంటే చూడటం మాత్రం ఇదే మొదటిసారి. ఈమెకు ఎన్నోసారో.

తౌఫిక్ మైకు కోసం చెయ్యి చాపాడు. షావలి ఆ చేతిని దాటించి మైకును లీటియాకు ఇచ్చాడు.

ఆమె ఒక్క క్షణం మైకునూ అతడినీ మార్చి మార్చి చూసింది. తర్వాత మైకు బల్ల మీద పెట్టి, తల మీది నుంచి కోటు విప్పింది. పూల చొక్కాతో నిలబడింది. ఈ కోటుతో చదవనని ఆమె మొదటే అనుకుందో, ఇప్పుడే అనుకుందో షావలికి తెలియలేదు. కోటు ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూసింది. కుర్చీ ఉంది. కంపెనీ పెద్దమనిషి మర్యాదగా చేతులు చాపాడు. ఆమె కోటును షావలి చేతుల్లో పెట్టింది.

మైకు మళ్లీ తీసుకుని, కాగితాలు విప్పి, తన భాషలో మొదలుపెట్టింది. గొంతు లోపలి నుంచి వచ్చే మాటలు. హాల్లో ఎవరికీ ఒక్క ముక్క తెలియదు. ఒక పేరా చదివి, అదే ఇంగ్లీషులో చెప్పింది. ముందు వరసలో పొడుగు దిష్‌దాషా అంగీలో ఉన్న ఒక అరబ్బు ముసలాయన కాఫీ కప్పు కింద పెట్టి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. రెండో పేరా మధ్యలో మైకు ఆగిపోయింది. తౌఫిక్ స్టేజీ వెనక తీగ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె మైకు పక్కన పెట్టి, గొంతు పెంచి, ఆపిన చోటి నుంచే చదవసాగింది.

కుర్చీలు కదిలాయి. వెనక వరసల్లో మాటలు లేచాయి. ఎవరో నవ్వారు. సగం మంది భోజనాల వైపు నడిచారు. రెడ్డెమ్మ పళ్లెం పట్టుకుని ఉన్నచోటనే ఆగిపోయింది. తలుపు దగ్గర మునీంద్ర కనిపించాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్న ముసలాయన లేవలేదు.

షావలి జేబులో ఫోను మోగింది. ఆగి మళ్లీ మోగింది. అబ్దుల్ హమీద్ అయి ఉంటాడు. తౌఫిక్ చెప్పేసి ఉంటాడు. వచ్చే నెల, కఫీలు, కాగితాలు, శుక్రవారం పూట, అన్నీ ఆ మోతలో ఉన్నాయి. ఫోను తియ్యాలంటే ఒక చేత్తో కోటు పట్టుకోవాలి. పూసల వరస కిందికి వేలాడితే నరం మీద బరువు పడుతుంది. రెండు చేతులూ కోటు కింద పెట్టి, ఫోను మోగనిచ్చి, ఆమె మూడో కాగితం తిప్పేదాకా, అది కూడా అయిపోయేదాకా, కదలకుండా నిలబడ్డాడు.